మేత్రాణి గారు, నిమ్మచెక్కలు, మట్టిరోడ్లు

(నల్లగొండలో స్థానిక చరిత్ర మీద ఆసక్తి ఉన్న మిత్రులు కూడిన ఒక సాయంత్రం, రిటైరైన తెలుగు లెక్చరర్ ఒకరు చేసిన ప్రసంగం. రికార్డింగు విని రాసింది. మధ్యలో కరెంటు పోయినప్పటి మాటలు వదిలేశాం.)

అందరికీ నమస్కారం. వెనక వరుస వాళ్ళకి వినిపిస్తోందా? సరే.

నన్ను పిలిచిన సారు ఫోన్లో ఏమన్నారంటే, “మీరు కతోలికులు కదా, ఒక బిషప్ గారి కెరీర్ ఎట్లా ఉంటుందో చెప్పండి, మా వాళ్ళకెవరికీ తెలియదు” అన్నారు. కెరీర్ అన్న మాటకు నాకు నవ్వొచ్చింది. మా నాయన ఉపదేశి. జీవితమంతా సైకిలు మీద తిరిగి పిల్లలకు జపాలు నేర్పిన మనిషి. ఆయన బతికుండి ఈ మాట వింటే “వాళ్ళకు ప్రమోషన్లు కూడా ఉంటాయారా?” అని అడిగేవాడు. ఉంటాయి. ట్రాన్స్‌ఫర్లు ఉంటాయి, రిటైర్మెంటూ ఉంటుంది. ఈ సాయంత్రం అదే చెప్పుకుందాం.

ముందు పేరు సంగతి. నేను తెలుగు మాస్టర్ని, పేరు దగ్గర ఆగకపోతే నాకు నిద్ర పట్టదు. మనం బయట బిషప్ అంటాం. కతోలికుల ఇళ్ళలో మాత్రం మేత్రాణులు అంటారు. ఇది సిరియాక్ భాషలోంచి వచ్చిన మాట. మూలం గ్రీకు, మెట్రోపాలిటన్‌లో ఉన్న మాటే. కేరళలో మెత్రాన్ అయి, మన దగ్గరికి వచ్చేసరికి మేత్రాణి అయ్యింది. ఆయన పరిధిలో ఉన్న ప్రాంతానికి మన వాళ్ళు మేత్రాసనం అని పేరు పెట్టారు. మేత్రాణి గారి ఆసనం. తల గ్రీకుది, తోక సంస్కృతానిది. ఇంత అందమైన సంకరం పండితులెవరూ కూర్చోబెట్టి చేయలేరు, జనమే చేస్తారు. బిషప్ అన్న మాటకు గ్రీకులో అర్థం పైనుంచి చూసుకునేవాడని. తెలుగు బైబిల్లో దాన్ని ‘అధ్యక్షుడు’ అని రాశారు. చదివినప్పుడల్లా నాకు సహకార సంఘం గుర్తుకొస్తుంది.

(నవ్వులు)

ఆసనం అంటే నిజంగానే కుర్చీ. లాటిన్‌లో కథీడ్రా అంటే కుర్చీ. ఆ కుర్చీ ఉన్న గుడి కథీడ్రల్. చాలామంది కథీడ్రల్ అంటే పెద్ద గుడి అనుకుంటారు. కాదు. రేకుల షెడ్డయినా సరే, మేత్రాణి గారి కుర్చీ అందులో ఉంటే అదే కథీడ్రల్.

పేరులో కుర్చీ ఉంది కదా, మరి పనిలో? కతోలిక శ్రీసభకు, అంటే చర్చి వ్యవస్థకు, ఒక ధర్మశాస్త్రం ఉంది, ఇప్పుడున్నది 1983లో వచ్చింది. అందులో మేత్రాణికి పెట్టిన షరతులు చదివితే అసలు సంగతి తెలుస్తుంది. ఐదేళ్ళలో తన మేత్రాసనం మొత్తం ఒక్కసారైనా తిరగాలి. తాను పోలేకపోతే ఇంకొకరిని పంపాలి. సెలవు పేరుతో ఏడాదికి నెలకు మించి బయట ఉండకూడదు. క్రిస్మస్‌కు, పవిత్ర వారానికి, ఈస్టరుకు ఊళ్ళో లేకుండా పోకూడదు. అంటే కుర్చీ ఇచ్చి, కూర్చోవద్దు తిరుగు అన్నారు. నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది. మన నల్లగొండ, పాలమూరు నేలమీద ఈ తిరగడం ఎట్లాంటిదో మీకు నేను చెప్పక్కర్లేదు.

అయినా చెప్తాను, నేను చూసిన ఒక రోజు ఉంది.

మా ఊరు దేవరకొండ అవతల, డిండి వాగు దగ్గర. 1968 అనుకుంటా, నాకు పన్నెండేళ్ళు. అప్పటికి నల్లగొండ మేత్రాసనం పుట్టలేదు. మేత్రాణి గారు దూరం నుంచి రావాలి. మాకు భద్రమైన అభ్యంగనం ఇవ్వడానికి వస్తున్నారని కబురొచ్చింది. వేరే మతాల వాళ్ళ కోసం చెప్తున్నా: చిన్నప్పుడు జ్ఞానస్నానం అవుతుంది, ఊహ తెలిశాక నుదుటి మీద పరిమళ తైలం పూసి విశ్వాసాన్ని గట్టి పరుస్తారు. మామూలుగా ఆ తైలం పూసేది మేత్రాణి గారే. అందుకే పల్లెటూళ్ళలో జనం జీవితంలో ఆయన్ని దగ్గరగా చూసేది ఆ ఒక్క రోజే.

నెల రోజుల ముందు నుంచి మా నాయన పొద్దున పొలాలకు పోకముందే పిల్లలందరినీ పోగేసి సత్యోపదేశం బట్టీ పెట్టించాడు. పవిత్రాత్మ వరములెన్ని? ఏడు. మేత్రాణి గారు ఎవరినైనా లేపి అడగొచ్చు, చెప్పకపోతే ఉపదేశి పరువు పోతుంది. మా టెన్షన్ ఆ ప్రశ్నల గురించి కాదు. మా కంటే పెద్ద పిల్లలు ఒక మాట చెవిన వేశారు, “మేత్రాణి గారు చెంప మీద కొడతారు, చూస్కోండి” అని. అది అబద్ధం కూడా కాదు. పాత పద్ధతిలో తైలం పూశాక చెంప మీద మెల్లగా తట్టేవారు. క్రీస్తు కోసం దెబ్బ తినడానికైనా సిద్ధంగా ఉండాలని గుర్తు. 1971లో ఆ విధి మార్చినప్పుడు ఆ చెంపదెబ్బ తీసేశారు. మాకు మాత్రం మూడేళ్ళ ముందే పడింది.

(నవ్వులు)

మా నాయన అమ్మతో ఆరు నిమ్మకాయలు, కొంచెం దూది, ఒక రొట్టె కావాలన్నాడు. నకిరేకల్‌లో ఇప్పుడు నిమ్మకాయలకు మార్కెట్టే ఉంది. అప్పుడు మా ఊళ్ళో ఆరు నిమ్మకాయలు కావాలంటే సంత దాకా పోవాలి. అమ్మ ఏమనుకుందంటే, పెద్దాయన ఎండనబడి వస్తున్నాడు, షర్బత్ కోసమని. దుకాణంలో బాకీ పెట్టి పావుకిలో చక్కెర కూడా తెచ్చింది. తీరా చూస్తే ఆ నిమ్మకాయలు తాగడానికి కాదు. పరిమళ తైలం అంటే ఒలీవ నూనెలో సుగంధ ద్రవ్యం కలిపింది. పదుల మంది నుదుళ్ళకు పూసేసరికి బొటనవేలు జిడ్డు పడుతుంది. దాన్ని నిమ్మచెక్కతో రుద్ది, రొట్టె ముక్కతో తుడిచి కడుక్కుంటారు. దూది పిల్లల నుదుళ్ళు తుడవడానికి.

ఆ నిమ్మచెక్కల పళ్ళెం పట్టుకోవడం నా డ్యూటీ. ఉపదేశి కొడుకుని కదా, సిఫార్సు.

పొద్దున తొమ్మిదికి అన్నారు. వాగులో నీళ్ళున్నాయి, జీపు చుట్టు తిరిగి రావాలి. పన్నెండు దాటింది. మామిడాకుల తోరణం వాడిపోయింది. డప్పులవాళ్ళు మూడుసార్లు డప్పు కాచుకున్నారు. పిల్లలకు ఆకలి. ఉపవాసం చెడగొట్టొద్దని మా నాయన నీళ్ళు కూడా తక్కువ తాగమన్నాడు. చివరికి దుమ్ము లేచింది, జీపొచ్చింది. దిగిన మనిషి అంగీ నిండా ఎర్రమట్టి. నేననుకున్న మేత్రాణి గారు పటంలో పునీతుడిలాగా ఉండాలి. ఈయన మా ఊరి పట్వారీ కంటే అలసిపోయి ఉన్నాడు. పూజ చేశారు, తైలం పూశారు, నా చెంప తట్టారు. తట్టడమంటే ఈగను తోలినట్టు. తర్వాత నా పళ్ళెం లోంచి నిమ్మచెక్క తీసుకుని బొటనవేలు రుద్దుకుంటూ, “నీళ్ళు ఏ బావివి?” అని అడిగారు. నేను జవాబు చెప్పలేదు, నోరు పెగల్లేదు. పవిత్రాత్మ వరాలు అడిగితే ఏడు అని చెప్పేవాణ్ణి. బావి గురించి మా నాయన నేర్పలేదు.

ఆ సాయంత్రం మిగిలిన నిమ్మకాయలు, చక్కెర కలిపి అమ్మ పిల్లలందరికీ షర్బత్ చేసింది. ఆ బాకీ ఎప్పుడు తీరిందో నాకు గుర్తు లేదు.

ఇక చరిత్ర. దీన్ని తొందరగా దాటిస్తాను, ఎందుకంటే తేదీలు ఎక్కువ. నిజాం రాజ్యంలో కతోలిక మిషన్‌ను 1840ల్లో నడిపినవాడు ఐర్లండు మనిషి, డేనియల్ మర్ఫీ. ఆయన కెరీర్ చూడండి, మన హైదరాబాద్ నుంచి ఆస్ట్రేలియా కింద ఉన్న టాస్మానియా దీవికి బిషప్‌గా పోయి అక్కడే చనిపోయాడు. 1855 నుంచి మిలాన్ మిషనరీలు వచ్చారు, పిమే అనే సంస్థ గురువులు, అంటే ఫాదర్లు. మన ఊళ్ళలో ‘ఇటలీ ఫాదర్లు’ అని ఇప్పటికీ ముసలివాళ్ళు చెప్పేది వాళ్ళ గురించే. 1886లో హైదరాబాద్ మేత్రాసనం అయ్యింది, 1953లో అగ్రపీఠం, అంటే చుట్టుపక్కల మేత్రాసనాలకు పెద్దపీఠం, అయ్యింది. తొలి అగ్రపీఠాధిపతి జోసఫ్ మార్క్ గోపు గారు. ఆయన తర్వాత 1972 నుంచి 2000 దాకా సామినేని అరుళప్ప గారు. వరంగల్ 1952లో వేరుపడింది. నల్లగొండ 1976 మే 31న పుట్టింది. 2026తో యాభై ఏళ్ళు.

ఈ నల్లగొండ మేత్రాసనం ఎంత అనుకుంటున్నారు? పాత నల్లగొండ జిల్లా, పాత మహబూబ్‌నగర్ జిల్లా కలిపి. ముప్పై రెండు వేల చదరపు కిలోమీటర్ల పైన. ఒకవైపు కోదాడ, ఇంకోవైపు నారాయణపేట, కింద అలంపూర్. ప్రభుత్వం 2016లో జిల్లాలు ముక్కలు చేసింది. సూర్యాపేట, యాదాద్రి, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల వచ్చాయి. 2019లో నారాయణపేట కూడా వచ్చింది. ఒక్కో ముక్కకు ఒక్కో కలెక్టరు. మేత్రాణి మాత్రం ఒక్కరే. నల్లగొండలో రైలు ఉంది, మహబూబ్‌నగర్‌లోనూ రైలు ఉంది. ఒక దాన్నుంచి ఇంకోదానికి రైల్లో పోవాలంటే హైదరాబాద్ వైపు పోయి మళ్ళీ దిగి రావాలి. లేదంటే దేవరకొండ, కల్వకుర్తి, జడ్చర్ల మీదుగా రోడ్డు. అంటే మా ఊరి మీదుగానే. ఐదేళ్ళలో మొత్తం తిరగాలన్న షరతు రాసినాయన ఈ రోడ్డు చూసి ఉండడు.

ఇప్పటిదాకా ఆ ఆసనంలో కూర్చున్నవాళ్ళు నలుగురు. మొదటివారు మాథ్యూ చెరియన్‌కున్నేల్ గారు, పిమే సంస్థ గురువు. పదేళ్ళు ఉండి కర్నూలుకు బదిలీ అయ్యారు. రెండోవారు అద్దగట్ల చిన్న ఇన్నయ్య గారు, 1989లో వచ్చి 1993లో కొత్తగా పుట్టిన శ్రీకాకుళం మేత్రాసనానికి తొలి మేత్రాణిగా వెళ్ళారు, అక్కడ పాతికేళ్ళు చేశారు. మూడోవారు గోవిందు జోజి గారు, 1997 నుంచి 2021 దాకా. మన ప్రాంతంలో మేత్రాణి గారు అనగానే జనానికి కళ్ళ ముందు మెదిలేది ఆయనే, ఒక తరం మొత్తానికి నుదుటి మీద బొటనవేలు పెట్టింది ఆయనే కాబట్టి. ఆ తర్వాత కుర్చీ ఖాళీ. 2024లో కర్ణం ధమన్ కుమార్ గారు వచ్చారు, పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరు మీద నడిచే సభకు చెందిన గురువు.

పేర్లు విన్నారా? ఇన్నయ్య, జోజి, అరుళప్ప. వినగానే పక్కింటివాళ్ళ పేర్లలాగా ఉన్నాయి కదా. ఇన్నయ్య అంటే ఇన్నాసి, అంటే ఇగ్నేషియస్. జోజి అంటే జోసెఫ్. అరుళప్ప తమిళంలో యోహాను. రాయప్ప పీటర్, చిన్నప్ప పౌలు, శౌరయ్య జేవియర్. యూరప్ పేర్లను మన నోటికి సరిపోయేట్టు ఇంత మెత్తగా అరగదీసింది మతగురువులు కాదు, మా అవ్వలు. నన్నడిగితే దీని మీద ఎవరైనా పీహెచ్‌డీ చెయ్యాలి. నా దగ్గర చదివిన పిల్లలకు చెప్పి చెప్పి అలిసిపోయాను.

ఇందాక బదిలీ అన్నాను. ఇక్కడ ఒక తమాషా ఉంది. మేత్రాణి గారి వేలికి ఉంగరం చూసే ఉంటారు. అది హోదా కోసం పెట్టుకున్నది కాదు, పెళ్ళి ఉంగరం. మేత్రాసనం ఆయనకు పెళ్ళాం కిందలెక్క. క్రీస్తు శకం 325లోనే నైసియా మహాసభలో, అంటే ఇప్పటికి పదిహేడు వందల ఏళ్ళ కింద, పదిహేనో నియమం పెట్టారు. ఏ బిషప్పూ ఒక ఊరు వదిలి ఇంకో ఊరికి మారకూడదని. మారితే కట్టుకున్నదాన్ని వదిలేసినట్టే. ఆ నియమం ఎంతకాలం నిలిచిందో మీరు ఊహించుకోండి. మన నలుగురిలో ఇద్దరు బదిలీ మీద పోయారు. తప్పని అనడం లేదు. కొత్త ఊరికి అనుభవం ఉన్న మనిషి కావాలి, శ్రీకాకుళం లాంటి కొత్త పీఠాన్ని నిలబెట్టాలంటే పాత చెయ్యి కావాలి. కానీ ఉంగరం అర్థం తెలిసినవాణ్ణి కాబట్టి, ఒక మేత్రాణి గారు ఊరు మారిన ప్రతిసారీ నాకు కొంచెం గుచ్చుకుంటుంది. నా ఛాందసం అనుకోండి.

అసలు వీళ్ళను ఎట్లా ఎంచుతారు? ఓట్లుండవు. అర్జీలు ఉండవు, “నాకివ్వండి” అని అడిగితే పేరు కొట్టేస్తారు. కనీసం 35 ఏళ్ళు ఉండాలి, గురుపట్టం అయ్యి ఐదేళ్ళు దాటాలి, దైవశాస్త్రంలోనో బైబిల్లోనో ధర్మశాస్త్రంలోనో పై చదువైనా, మంచి పట్టయినా ఉండాలి. ఢిల్లీలో పోప్ గారి రాయబారి ఉంటారు. ఆయన కార్యాలయం నుంచి ఆ గురువును ఎరిగినవాళ్ళకు రహస్యంగా ప్రశ్నావళి వస్తుంది. మనిషి ఎట్లాంటివాడు, ప్రార్థన చేస్తాడా, డబ్బు దగ్గర ఎట్లా ఉంటాడు, ఆరోగ్యం ఎట్లా ఉంది, పేదవాళ్ళతో ఎట్లా మాట్లాడతాడు. ఆ కాగితం వచ్చిందన్న సంగతి కూడా ఎవరికీ చెప్పకూడదు, ఇంట్లోవాళ్ళకైనా. చివరికి మూడు పేర్లు రోముకు పోతాయి. పోప్ గారు ఒక పేరు మీద వేలు పెడతారు, ఆ మూడూ నచ్చకపోతే నాలుగో మనిషినైనా పెట్టొచ్చు.

ఒప్పుకున్నాక కూడా ప్రకటన దాకా నోరు విప్పకూడదు. ప్రకటన రోములో మధ్యాహ్నం 12 గంటలకు. మనకది ఎండాకాలంలో మూడున్నర, చలికాలంలో నాలుగున్నర. అందుకే కతోలిక గురువుల వాట్సాప్ గ్రూపుల్లో ఆ వేళకు ఒక రకమైన సందడి ఉంటుంది. నేను చూశాను, పేర్లు చెప్పను.

(నవ్వులు)

తర్వాత అభిషేకం. కనీసం ముగ్గురు మేత్రాణులు తల మీద చేతులుంచాలి. అంతకుముందు ఆయన నేల మీద బోర్లా పడుకుంటే జనం పునీతుల ప్రార్థన పాడతారు. తెరిచిన సువార్త పుస్తకాన్ని తల మీద ఇంటి కప్పులాగా పట్టుకుంటారు. తల మీద తైలం పోస్తారు. మాకు బొటనవేలితో పూసేది, ఆయనకు ధారగా పోస్తారు. ఉంగరం తొడిగి, తలకు కిరీటం పెట్టి, చేతికి కర్ర ఇస్తారు. కొన వంపు తిరిగిన గొర్రెల కాపరి కర్ర. ఆ కర్ర చూసినప్పుడల్లా పాలమూరు కుర్మాయన గుర్తొస్తాడు నాకు. మిత్రుడొకాయన కుర్మ, ఒకసారి అభిషేకానికి తీసుకుపోతే, “సారూ, ఆ కర్ర మెరుస్తోంది కానీ దాంతో తుమ్మ కొమ్మ వంగదు” అన్నాడు. అగ్రపీఠాధిపతులకు ఇంకోటి కూడా ఉంటుంది, పాలియం అని, మెడ చుట్టూ వేసుకునే తెల్ల ఉన్ని పట్టీ. గొర్రెపిల్లల ఉన్నితో నేస్తారు, మీద ఆరు నల్ల సిలువలు. మా కుర్మ మిత్రుడికి అదీ చూపించాను. “ఇది గొంగడి గదా సార్, కాకపోతే చలికాగదు” అన్నాడు. దైవశాస్త్రం చదివిన వాళ్ళెవరూ ఇంత సూటిగా చెప్పగా నేను వినలేదు.

ఇప్పుడు కుర్చీలో ఎవరు కూర్చోగలరు అన్న ప్రశ్న. దీన్ని దాటేస్తే నేను ఉపదేశి కొడుకును కాను. మన తెలంగాణ పల్లెల్లో కతోలికులు ఎవరు? ఎక్కువమంది మాల మాదిగలు. భారత కతోలిక బిషప్పుల సమాఖ్య 2016లో తానే విధాన పత్రంలో ఒప్పుకుంది, దేశంలోని 1 కోటి 90 లక్షల కతోలికుల్లో 1 కోటి 20 లక్షల మంది దళితులేనని. జనం అట్లా ఉంటే కుర్చీలు? చాలాకాలం యూరప్ వాళ్ళవి. ఆంగ్లికన్ సభ, అంటే ఇంగ్లండు ప్రొటెస్టెంట్ల సభ, 1912లోనే మన దేశం మనిషి అజరయ్య గారిని డోర్నకల్ బిషప్ చేసింది. కతోలికుల్లో లాటిన్ సంప్రదాయంలో ఈ కాలపు తొలి భారతీయ బిషప్, తూత్తుకుడి రోష్ గారు, 1923లో వచ్చారు. గుంటూరుకు 1940లో పొతకమూరి థామస్ గారు. అయితే భారతీయుడైనంత మాత్రాన మాలపల్లె మనిషి అయినట్టు కాదు కదా. అట్లాంటి మనిషి అగ్రపీఠం దాకా రావడానికి ఇంకా అరవై ఏళ్ళు పట్టింది. 2000లో మరంపూడి జోజి గారు హైదరాబాద్ అగ్రపీఠాధిపతి అయ్యారు, దేశంలో తొలి దళిత అగ్రపీఠాధిపతి ఆయన. 2010లో ఆ పదవిలో ఉండగానే కన్నుమూశారు.

మతం మారితే కులం పోతుందా అని అడుగుతారు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం క్రైస్తవుడైన దళితుడు ఎస్సీ కాడు. సిక్కులను 1956లో, బౌద్ధులను 1990లో కలిపారు, క్రైస్తవులను కలపలేదు. మన దగ్గర బీసీ-సీ కింద ఒక్క శాతం రిజర్వేషన్. మా ఊళ్ళో ఒకే ఇంట్లో అన్న సర్టిఫికెట్ ఒకటి, తమ్ముడి సర్టిఫికెట్ ఇంకొకటి. సర్టిఫికెట్లో మారింది, చావడి దగ్గర మారలేదు. శ్రీసభ లోపల మారిందా? శ్మశానాల్లో, బల్లల దగ్గర, పెళ్ళి సంబంధాల దగ్గర మారలేదని చెప్పడానికి నాకు సంకోచం లేదు. ఆ 2016 పత్రమే ఎందుకు రాయాల్సి వచ్చింది మరి.

అందుకే అంతోని పూల గారి సంగతి కొంచెం ఆగి చెప్తాను. మనకు దూరం మనిషి కాదు, అలంపూర్ దగ్గర తుంగభద్ర వంతెన దాటితే కర్నూలు, ఆ పాత జిల్లా మనిషి. 1961 నవంబర్ 15న పోలూరులో పుట్టారు. ఏడో తరగతి తర్వాత ఇంట్లో గడవక చదువు ఆగిపోయింది. మిషనరీలు చెయ్యి పట్టుకుని మళ్ళీ బడికి పంపారు. ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. పాలమూరులో, దేవరకొండలో ఏడో తరగతి దగ్గర బడి మానేసి బొంబాయి బండెక్కిన పిల్లలు ఎంతమందో మీకు తెలుసు. అక్కడ ఒక ఫాదర్ ఉన్నాడా లేడా, ఒక టీచర్ ఇంటికొచ్చి అడిగాడా లేదా, అంతే తేడా.

బెంగళూరు సెయింట్ పీటర్స్‌లో చదివి, 1992లో కడప మేత్రాసనానికి గురువయ్యారు. పల్లె విచారణల్లో, అంటే ఒక్కో ఫాదర్ కింద ఉండే గుడుల పరిధుల్లో, పనిచేశారు. కొంతకాలం అమెరికాలో ఉండి వచ్చి, పేద పిల్లలకు చదువు సాయం చేసే కార్యక్రమం చూశారు. ఏడో తరగతిలో ఆగిన మనిషికి ఆ పని అప్పజెప్పడం యాదృచ్ఛికమో కాదో నేను చెప్పలేను. 2008లో కర్నూలు మేత్రాణి అయ్యేసరికి 46 ఏళ్ళు. మరుసటి ఏడే, 2009 అక్టోబరు మొదట్లో, తుంగభద్ర పొంగి కర్నూలు, ఇటు అలంపూర్ మునిగాయి. ఇక్కడ కొందరు ఆ నీళ్ళు చూసినవాళ్ళు ఉండొచ్చు. 2020 నవంబరులో హైదరాబాద్ అగ్రపీఠం, మన నల్లగొండ కూడా ఆ అగ్రపీఠం కింది పీఠాల కుటుంబంలోదే. 2022 ఆగస్టు 27న కార్డినల్. తెలుగువాళ్ళలో మొదటివారు, దేశంలో దళితుల్లో మొదటివారు. 2025 మేలో కొత్త పోప్‌ను ఎన్నుకునే గదిలోకి 133 మంది కార్డినల్స్ వెళ్ళి తలుపేసుకున్నారు. అందులో మన దేశం నుంచి నలుగురు. ఆ నలుగురిలో ఒకరు ఏడో తరగతితో చదువు ఆపేసిన పోలూరు పిల్లగాడు. టీవీలో చూస్తూ మా ఆవిడ ఏడ్చింది. నేను ఏడవలేదు అని రికార్డులో రాసుకోండి.

(నవ్వులు, చప్పట్లు)

ప్రశ్న అడగొచ్చా అని చెయ్యి ఎత్తారు. అడగమ్మా. ... ఆమె అడిగింది ఏంటంటే, మామూలు రోజున మేత్రాణి గారు ఏం చేస్తారు అని. మంచి ప్రశ్న, నేను దాటేద్దామనుకున్నాను. ఎక్కువ భాగం ఫైళ్ళు. బడుల ఫైళ్ళు, భూముల పట్టా పుస్తకాలు, కోర్టు తారీఖులు. ఏ గురువును ఏ విచారణకు మార్చాలన్న లిస్టు. అది బయటికొచ్చిన రోజు మన డీఈఓ ఆఫీసు ముందర ఎట్లా ఉంటుందో అట్లాగే ఉంటుంది. ఒకరికి దూరం అయ్యింది, ఒకరికి గుడి కప్పు కారుతోంది. డబ్బు వ్యవహారాల్లో ఆయన ఒక్కరి ఇష్టం నడవదు, సలహా మండలి ఉంటుంది, పెద్ద అమ్మకాలకు వాళ్ళ సమ్మతి కావాలి. ఐదేళ్ళకోసారి రోముకు పోయి లెక్క అప్పజెప్పాలి. పవిత్ర వారంలో గురువులందరూ కథీడ్రల్‌కు వస్తే ఏడాదికి సరిపడా తైలాలు ఆశీర్వదించి సీసాల్లో పంచుతారు. 75 ఏళ్ళు నిండగానే రాజీనామా ఉత్తరం రాయాలి. ఒప్పుకునేదీ ఆపేదీ పోప్ గారి ఇష్టం. పిల్లల్లేరు, పెన్షన్ గొడవ లేదు. రిటైరైన మేత్రాణి గారి గది ఒకసారి చూశాను. మంచం, మందుల డబ్బా, ఒక గోడ గడియారం, గోడకు పాత అభిషేకం ఫోటో. ఆ మహానుభావుడు నన్ను అడిగింది ఒకటే, “మీ వైపు వానలు పడ్డాయా?”

1968లో బావి గురించి, ఇప్పుడు వాన గురించి. మన ప్రాంతంలో పెద్ద ప్రశ్నలు ఇవేనేమో. నల్లగొండ నీళ్ళలో ఫ్లోరైడ్ సంగతి తెలిసినవాళ్ళకు “ఏ బావి నీళ్ళు” అన్న మాట ఇంకోలా వినిపిస్తుంది. ఆ రోజు ఆయన ఎందుకు అడిగారో నాకు చాలా ఏళ్ళ తర్వాత గానీ తట్టలేదు. కాళ్ళు వంకర పోయిన ఇద్దరు పిల్లలు వరుసలో ఉన్నారు. ఆయన వాళ్ళ నుదుళ్ళు తాకి వచ్చి ఆ మాట అడిగారు.

ఆఖరుగా ఇది చూపిస్తాను. మా నాయన సొంత నోటుబుక్కు. గుడిలో అసలు రిజిస్టర్లు వేరే ఉంటాయి, జ్ఞానస్నానానికొకటి, అభ్యంగనానికొకటి, పెళ్ళికి, చావుకు. ఆయన మాత్రం తన కోసం అన్నీ ఒకే దాంట్లో రాసుకునేవాడు. ఇదిగో, ఆ రోజు తైలం పుచ్చుకున్నవాళ్ళ పేజీ. ముప్పై ఒక్క పేర్లు. నా పేరు పందొమ్మిదోది. పక్కన పెన్సిలుతో తర్వాత రాసినవి చూడండి. ‘బొంబాయి’. ‘పూనా, కట్టడం పని’. ‘సాగర్ కాలువ’. ‘చనిపోయెను’. ‘బొంబాయి’. మళ్ళీ ‘బొంబాయి’. ఒకామె పేరు పక్కన ‘జాడ తెలియదు’ అని రాసి, కొట్టేసి, ‘వచ్చినది’ అని రాశాడు. ఇవి రాయమని ఆయనకు ఎవరూ చెప్పలేదు, జీతంలో భాగం కూడా కాదు. మేత్రాణి గారు ఐదేళ్ళకోసారి వస్తే, ఈ మధ్యలో మనుషులు ఎటు పోయారో రాసి పెట్టుకున్నాడు, అడిగితే చెప్పడానికి. అడిగారో లేదో తెలియదు.

ఈ పుస్తకం మీ మధ్య తిప్పుతున్నాను. జాగ్రత్తమ్మా, కుట్టు ఊడింది, పేజీలు జారతాయి. ఆ పేజీ కింది మూలన పసుపుపచ్చ మరక ఒకటి ఉంది చూడండి. తైలం అని మా ఆవిడ అంటుంది. తైలమైతే కాగితం అవతలి వైపు కూడా కనపడాలి, కనపడదు. పళ్ళెం పట్టుకున్నది నేను కాబట్టి నాకు తెలుసు, అది నిమ్మరసం. చాయ్ వచ్చినట్టుంది, ఇక్కడికి ఆపుతాను.